హామ్ స్టేషన్‌లో రెండుగా విడిపోయే రైలు

బెర్లిన్ విమానాశ్రయంలో సెక్యూరిటీ గేటు దాటిన పది నిమిషాలకే మొదటి సాక్షి కుప్పకూలిపోయాడు. డాక్టర్ పరుగెత్తుకొచ్చేసరికి ప్రాణం లేదు. అతని పేరు ప్రయాణికుల జాబితాలోకి ఎక్కి అప్పటికి మూడు గంటలే అయింది.

"జాబితా చూసి చంపారు," అంది బ్యూరో చీఫ్ హాలెవెయిన్. నగరం మధ్యలో ఒక పళ్ల డాక్టర్ క్లినిక్ పై అంతస్తులో ఉంది ఆమె ఆఫీసు. "ఇక మిగిలింది ఒక్క సాక్షే. ఇల్సె క్రానెఫెల్డ్. మన పవర్ స్టేషన్ల నక్షలు అమ్ముకుంటున్న విదేశీ ముఠాలో ఏడుగురి పేర్లు ఆమెకు తెలుసు. ఎల్లుండి ఉదయం బ్రస్సెల్స్‌లో కమిషన్ ముందు ఆ పేర్లు చెప్పాలి."

"కారా?" అన్నాడు ఏజెంట్ వీబె టోల్స్మా.

"కాదు. రైలు. ఆమె, ఎనిమిదేళ్ల కూతురు, నువ్వు. మొగుడు, పెళ్లాం, పాప. సెలవులకు వెళ్తున్న కుటుంబం."

వీబె ముఖం మాడిపోయింది. "మేడమ్, ఆవిడ నా ముఖం చూడడానికి కూడా ఇష్టపడదు."

"నిజమైన మొగుడూ పెళ్లాల్లాగే ఉంటుంది. వెళ్లు."

ప్రయాణం ప్లాన్ చేసింది ఒడెట్ లాంబ్రెక్ట్. బ్యూరోలో టికెట్లు, నకిలీ పాస్‌పోర్టులు, సీట్లు అన్నీ ఆమె చేతి మీదుగానే నడుస్తాయి. మనిషి సినిమా తారలా ఉంటుంది. పాపకి పిన్నిగా తనూ వస్తోంది. "బెర్లిన్ నుంచి కొలోన్, అక్కడ రైలు మారి బ్రస్సెల్స్," అంది మీగడ రంగు కోటు సర్దుకుంటూ. "మారడానికి నలభై నిమిషాలు పెట్టాను. పిల్లతో ప్రయాణం కదా, పరుగులు పనికిరావు. టికెట్లు నా ఫోన్లోనే ఉంటాయి. నువ్వు సూట్‌కేసు మోస్తే చాలు, టోల్స్మా."

మర్నాడు ఉదయం ప్లాట్‌ఫారం మీద ఎర్ర విగ్గు పెట్టుకున్న స్త్రీ పక్కన నిలబడి వీబె కోడ్ మాట అడిగాడు. "పాపకి కిటికీ సీటు దొరికిందా?"

"దొరికింది. ఎదురు సీటు ముసలాయనే గురక పెడతాడట," అంది ఇల్సె పళ్లు కొరుకుతూ. తర్వాత కూతురి వైపు తిరిగింది. "ఫెన్యా, ఈయన్ని నాన్నా అని పిలవక్కర్లేదు. ఏయ్ అంటే చాలు."

"ఏయ్, నాకు దాహం," అంది ఫెన్యా వెంటనే.

ముప్పై ఆరో నంబరు బోగీలో నలుగురికీ కలిపి ఒక బల్ల. రైలు ఊరు దాటాక లాంబ్రెక్ట్ పాపకి చాక్లెట్ పాలు ఇప్పిస్తానని రెండు బోగీల అవతలున్న రెస్టారెంట్‌కి తీసుకెళ్లింది.

ఇల్సె అదే అదనుగా అందుకుంది. "నా మొగుడు డెట్లెఫ్‌ని కూడా ఇలాగే తీసుకెళ్లావు కదూ? సూట్‌కేసు పట్టుకుని, పక్కనే నడుస్తూ."

"అవును."

"తర్వాత ప్లాట్‌ఫారం మీద వదిలేసి నువ్వొక్కడివే రైలెక్కావు. ఆయన మళ్లీ ప్రాణాలతో కనిపించలేదు."

"అవును. ఆయన నా వెనకే ఉన్నాడనుకున్నాను. వెనక్కి తిరిగి చూడలేదు."

"ఆ ఒక్క మాట పట్టుకుని రెండేళ్లు హాయిగా బతికేశావు. సిగ్గుండాలి."

హాయిగా ఏమీ బతకలేదని వీబెకే తెలుసు. హానోవర్ దాటి చాలాసేపయ్యాక స్పీకర్‌లో కండక్టర్ గొంతు వినిపించింది. మరికాసేపట్లో హామ్. అక్కడ రైలు రెండుగా విడిపోతుంది. ముందు భాగం, అంటే ఇరవై నంబర్ల బోగీలు, కొలోన్‌కి. వెనక భాగం, ముప్పై నంబర్లవి, డోర్ట్‌మండ్ వైపుకి.

వీబె తలెత్తి బోగీ నంబరు చూశాడు. "మనం తప్పు భాగంలో ఉన్నాం. దిగాల్సింది కొలోన్‌లో కదా."

ఇల్సె నవ్వింది. ఆ నవ్వులో విషం ఉంది. "నువ్వు దిగు. మేం డోర్ట్‌మండ్‌లో దిగుతున్నాం. అక్కడ కారు సిద్ధంగా ఉంది. ఒడెట్ నిన్నే ఫోన్ చేసి చెప్పింది. నీకు చెప్పొద్దంది. నువ్వు మళ్లీ ఎవరినైనా పోగొడతావని."

వీబెకి అప్పుడు గుర్తొచ్చింది. విమానం జాబితా కూడా లాంబ్రెక్ట్ చేతి మీదుగానే పోయింది.

"మేడమ్, ఆ కారు మాది కాదు. నిన్నటి సాక్షికి టికెట్ తీసింది కూడా ఆమే. నన్ను నమ్మమని అడగను. అడిగే ముఖం లేదు. హామ్‌లో రైలు మూడు నిమిషాలే ఆగుతుంది. ఈ రెండు భాగాల మధ్య లోపల దారి ఉండదు. ప్లాట్‌ఫారం మీదికి దిగి పరుగెత్తాలి. నిర్ణయం మీది."

రైలు వేగం తగ్గుతోంది.

"నువ్వంటే నాకు అసహ్యం," అంది ఇల్సె. "కానీ ఆ రోజు మా ఇంటికొచ్చి, తప్పు నాదే అని నిలబడ్డావు. మీ వాళ్లందరూ కథలు చెప్పారు. నువ్వొక్కడివే చెప్పలేదు." లేచి నిలబడింది. "నా కూతుర్ని నేను తెచ్చుకుంటాను. నువ్వు మధ్యలోకి రాకు."

ఆమె రెస్టారెంట్ బోగీలోకి నడిచి ఫెన్యా నుదుటి మీద చెయ్యి వేసింది. "అయ్యో, పాలిపోయావే తల్లీ! ఒడెట్, కాస్త పక్కకి జరుగు. రైల్లో పాలు తాగితే దీనికి వాంతులు. పోయినసారి ఎదుటివాళ్ల కోటు మొత్తం పాడుచేసింది."

లాంబ్రెక్ట్ గభాలున లేచి వెనక్కి జరిగింది. అంతే చాలు. ఇల్సె పాపని చంకనెత్తుకుని తలుపు వైపు దూసుకుపోయింది. రైలు ఆగింది.

మోసం అర్థమవడానికి లాంబ్రెక్ట్‌కి అయిదు సెకన్లు పట్టింది. ఆమె చేతిలోకి లిప్‌స్టిక్ వచ్చింది. మూత తీస్తే రంగు లేదు, సూది ఉంది. ఇల్సె వెనకే వచ్చిన వీబె దారికి అడ్డంగా నిలబడ్డాడు, చేతుల్లో సూట్‌కేసు.

"తప్పుకో, టోల్స్మా. డోర్ట్‌మండ్‌లో నలుగురు ఎదురుచూస్తున్నారు."

"పాపం, భోజనం టైమ్ అయింది వాళ్లకి."

ఆమె పొడిచింది. సూది సూట్‌కేసులో దిగి విరిగింది. వీబె దాన్ని ఆమె మీదికి నెట్టి కిందికి దూకాడు. ఇల్సెని అందుకుని పాపని తన చంకకి మార్చుకున్నాడు. ముందు భాగం దాదాపు రెండు వందల మీటర్ల దూరం. ఈసారి అతను ప్రతి పది అడుగులకీ తిరిగి చూశాడు. ఇల్సె వెనకే ఉంది. ఆ వెనక మీగడ రంగు కోటు, అదీ పరుగే. గార్డు ఈల వేశాడు. ఫెన్యాని లోపలికి తోసి, ఇల్సె చెయ్యి పట్టి లాగాడు. తలుపు మూసుకుంది. మరుక్షణం అద్దం మీద లాంబ్రెక్ట్ పిడికిలి పడింది. తలుపు తెరిచే బటన్ మీద పచ్చ దీపం ఆరిపోయింది. రైలు కదిలింది.

వీబె వెంటనే హాలెవెయిన్‌కి ఫోన్ చేశాడు. లాంబ్రెక్ట్ స్టేషన్ మెట్లు దిగకముందే రైల్వే పోలీసులు పట్టుకున్నారు. డోర్ట్‌మండ్‌లో కారుతో పాటు నలుగురూ దొరికారు.

మర్నాడు బ్రస్సెల్స్‌లో ఇల్సె ఏడు పేర్లూ చెప్పింది. ఎనిమిదో పేరు అప్పటికే లాకప్‌లో ఉంది. మెట్లు దిగి వచ్చేసరికి కింద వీబె నిలబడి ఉన్నాడు.

"థాంక్స్ చెప్తాననుకోకు," అంది. "నిన్ను క్షమించలేదు."

"తెలుసు మేడమ్."

"మమ్మల్ని తిరిగి ఇంటికి చేర్చేదెవరు?"

"నేనే. రైల్లోనే."

ఇల్సె అతన్ని ఎగాదిగా చూసి ఫోన్ తీసింది.

"అయితే టికెట్లు నేను తీస్తాను."