దొర గుంత

ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పోయే దారికి కాస్త లోపలగా ఒక బిలం ఉంది. దొర గుంత అంటారు. శిల్పాలు చెక్కేవాళ్లు రాయి వెతుక్కుంటూ పగలు అటు పోతారు గానీ, పొద్దు వాలితే ఒక్కడూ ఉండడు. లోపల ఎవరో ఊపిరి బిగబట్టుకుని ఉన్నట్టు అనిపిస్తుందట...

నంద్యాలలో మా పక్కింటి బ్లెస్సీ చెప్పిన సంగతి ఇది. వాళ్ల నాయన జ్ఞానప్రకాశం రిటైరైన అయ్యవారు.

నూటపాతికేళ్ల కిందట హార్విల్ అనే దొర ఈ బిలం అడుగుదాకా దిగానని పుస్తకం రాసి, లోకమంతా పేరు తెచ్చుకున్నాడు. ఆయన లాంతరు మోసినవాడు దేవదానం — జ్ఞానప్రకాశం ముత్తాత. దేవదానం దొర గడియారం ఎత్తుకుని పారిపోయాడని ఆ పుస్తకంలోనే ఉంది. అప్పట్నుంచి వాళ్ల ఇంటిపేరే 'గడియారం దొంగలు' అయిపోయింది.

మొన్న ఎండాకాలం దొర డైరీని ఎవరో ఇంటర్నెట్లో పెట్టారు. చివరి పేజీ నిండా అంకెలే. ఎవరికీ అంతుబట్టలేదు. జ్ఞానప్రకాశానికి మాత్రం ఒకటి తట్టింది — దొర తెలుగు నేర్చింది బైబిలుతోనే కదా! ముత్తాత నాటి బైబిలు తీశాడు. ఆ అంకెలు అధ్యాయం, వచనం, అక్షరం అనుకుని... ఒక్కో సువార్తా వేసి చూశాడు. యోహాను దగ్గర అక్షరాలు కలిశాయి.

పంతొమ్మిది రోజులకు తేలింది.

"నేను దిగలేదు. దేవదానము దిగెను. వాడు చెప్పిన లోతు వ్రాసికొని... తాడు కోసితిని."

బ్లెస్సీ ఏడ్చింది. ఆయన ఏడవలేదు. కోపమూ రాలేదు. అన్నం పెడితే తిన్నాడు, పక్క వేస్తే పడుకున్నాడు. మూడోరోజు లేచి, "పోదాం పా, పాపా," అన్నాడు.

"యాడికి నాయనా?"

"ఆయప్ప కాడికి. దొంగ కాదని చెప్పొద్దా?"

ఆళ్లగడ్డలో బస్సు దిగి ఆటో మాట్లాడుకుని పోయేసరికి చీకటి పడింది. ఆటో అతను రోడ్డు మీదే ఆపేశాడు. "నేను రాలేనప్పా... బిరీన వచ్చేయండి."

ఫోను వెలుతురులో నడిచి, గుంత అంచున ఆయన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"దేవదానం తాతా... నీది తప్పు లేదని తేలింది."

ఏమీ లేదు. గాలి కూడా లేదు.

"పోదాం నాయనా..." బ్లెస్సీ భుజం పట్టి లాగింది.

అప్పుడు — లోపలినుంచి, చాలా దగ్గరగా... ఒక గుసగుస.

"దొర పోయినాడా?"

బ్లెస్సీ భుజం వదిలేసి వెనక్కి జరిగింది. ఆయన మాత్రం, దారిన పోయేవాడు టైము అడిగితే చెప్పినట్టు చెప్పాడు — "పోయినాడు. నూరేండ్ల పైనే అయింది. పైకి రా."

గోడ మీంచి మట్టి రాలింది. ఎవరో ఎక్కుతున్నారు...

జ్ఞానప్రకాశం కుడిచెయ్యి లోపలికి చాపాడు. బ్లెస్సీ కళ్లు మూసుకుంది. తెరిచేసరికి ఆయన ఒక్కడే నిలబడి ఉన్నాడు.

ఏడు నెలలైంది. డాక్టర్లు అన్ని పరీక్షలూ చేశారు. ఆ చేతికి స్పర్శ లేదు, కారణం తెలీదు.

నిన్న పొయ్యి మీద కాగుతున్న గిన్నెను ఆ చేత్తోనే దించాడట. బ్లెస్సీ అరిచింది — "వట్టి చేత్తోనా నాయనా!"

"వట్టిది యాడుంది పాపా..." అన్నాడాయన. "ఆయప్ప ఇంకా ఇడిసిపెట్టలే."