బంపర్ మీద బొట్టు

"రిమోట్ ఇటియ్యరా! అయిపోవచ్చింది, చూడనివ్వవా?" చిక్కుడుకాయల గిన్నె పక్కన పెట్టి అరిచింది శివపార్వతి.

సిద్ధార్థ టీవీ కట్టేసి రిమోట్ జేబులో వేసుకున్నాడు. "పొద్దున్నే పోలీసు సీరియలేంటమ్మా? ఇంట్లో ఉన్న ఎస్సై చాలడా?"

"ఆ ఇన్‌స్పెక్టరు తమ్ముణ్ణి పట్టిస్తాడో లేదోనని నా ప్రాణం కొట్టుకుంటోంది. సొంత తమ్ముణ్ణి ఎవడైనా పట్టిస్తాడా, చోద్యం కాకపోతే!"

సిద్ధార్థ గదిలోకి వెళ్ళిపోయాడు.

అతని భార్య సింధూరి వంటింట్లోంచి చూస్తూనే ఉంది. మునుపు ఆయనే తల్లి పక్కన కూర్చుని, టోపీ అలా పెట్టుకోరంటూ ఆ సీరియల్‌కి వంకలు పెట్టేవాడు. గుణదల దగ్గర చేపలమ్మే ఎల్లారావుని ఏదో కారు గుద్ది ఆగకుండా పోయిన కేసు చేతికొచ్చినప్పటినుంచే ఈ వరస. మరిది కిరీటి కారు ఆటోనగర్‌లో సర్వీసింగుకి వెళ్ళిందీ అప్పుడే. నిన్ననే ఇంటికొచ్చింది.

ముగ్గు గిన్నె తీసుకుని వాకిట్లోకి వెళ్ళిన సింధూరి కారు ముందు ఆగిపోయింది. దసరాకి, చెరిగిపోకూడదని, అత్తగారు గడపకు వేసే ఎర్ర పెయింటుతోనే బంపర్‌కి మూడు బొట్లు పెట్టింది. కొత్త కారు పాడుచేశావని కిరీటి అలిగి అన్నం మానేశాడు. కిరోసిన్‌తో రుద్దినా పోలేదవి. ఇప్పుడు ఒక్కటీ లేదు. బంపరే కొత్తది.

ఆమె గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. "ఏవండీ, గుణదలలో బంపర్ ముక్క దొరికిందా?"

బెల్టు పెట్టుకుంటున్న చేయి ఆగింది. "ఎందుకు?"

"దాని మీద ఎర్రబొట్టుందా?"

సిద్ధార్థ మంచం మీద కూలబడ్డాడు. "ఉంది. ముక్క నా సొరుగులో దాచాను. కేసులో చూపించలేదు."

"కిరీటితో మాట్లాడారా?"

"వాడు నా మొహం చూడడు. నేనూ వాడి మొహం చూడలేకపోతున్నా."

"మరి ఎల్లారావు?"

"కాలు విరిగింది. కారు ఎవరిదో తెలిసిందా సార్ అని నన్నే అడుగుతున్నాడు. వెతుకుతున్నామని చెప్తున్నా."

"ఎన్నాళ్ళు చెప్తారండీ?"

సిద్ధార్థ టోపీ తీసుకుని స్టేషన్‌కి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం దాకా సింధూరికి ఏ పనీ తోచలేదు.

భోజనానికి వచ్చిన సిద్ధార్థ యూనిఫాం విప్పకుండానే తమ్ముడి ఎదురుగా కూర్చున్నాడు. అన్నం కలుపుతూ అన్నాడు.

"కిరీటీ, ఆ ముక్క సీఐ గారికి ఇచ్చేశాను. దాచిందీ నేనేనని చెప్పాను. నా మీద ఎంక్వయిరీ ఉంటుంది. తిన్నాక ఇద్దరం స్టేషన్‌కి వెళ్తున్నాం."

కిరీటి చేతిలో ముద్ద జారిపోయింది. "ఆగుదామనే అనుకున్నానన్నయ్యా... భయమేసింది." వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఏం ముక్కరా? ఎక్కడికి తీసుకెళ్తావు వాణ్ణి?" శివపార్వతి లేచి నిలబడింది.

సింధూరి మెల్లగా అంతా చెప్పింది.

"నేను పెట్టిన బొట్టా!" శివపార్వతి తన వేళ్ళ వంక చూసుకుంది. "సొంత తమ్ముణ్ణి..." అంటూ పెద్దకొడుకు వైపు తిరిగింది. వాడి కళ్ళు కూడా నిండి ఉండడం చూసి మాట మింగేసింది. పెరుగు గిన్నె తెచ్చి ఇద్దరి కంచాల్లోనూ వేసింది.

"తినండి, ఖాళీ కడుపుతో వెళ్ళకండి." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ ఎల్లారావు ఏ ఆసుపత్రిలో ఉన్నాడ్రా? నేనూ వస్తా. ముందు అక్కడికి పోదాం."