చనిపోయాక గీసిన గీత

"మీ బావ దేశాన్ని అమ్మేశాడు," అన్నాడు చీఫ్, ఫైలు ముందుకి తోస్తూ. "కొన్నవాళ్ళే ఆయన్ని చంపి పారేశారు."

ఏజెంట్‌కి ఒళ్ళు మండింది. అక్కకి వారం రోజులుగా ముద్ద దిగడం లేదు. ద్రోహి అని ముద్ర వేసి, బావ శవాన్ని కూడా ఇవ్వలేదు మహానుభావులు.

శాస్త్రవేత్త అయిన బావ ల్యాబ్‌లో చేసింది బొత్తామంత లోహపు బిళ్ళ. అరుదైన ఖనిజాలేవీ కలపకుండానే బ్రహ్మాండమైన అయస్కాంతం. చివరి ఎక్స్‌రే టెస్టులో మాత్రం అయస్కాంత లక్షణం సున్నా వచ్చింది. అంటే మెషీన్‌లో ఉన్నది నకిలీ బిళ్ళ, అసలుది కొన్న ముఠాకి చేరింది. చీఫ్ లెక్క ఇది.

"సాయంత్రం కేసు మూసేస్తున్నా. ఈలోపు ఏం చేసుకుంటావో చేసుకో."

పంపు మెకానిక్ వేషంలో ల్యాబ్‌లో దిగాడు ఏజెంట్. కొక్కేనికి బావ కోటు ఇంకా వేలాడుతోంది. దానివైపు చూడకుండా ఉండలేకపోయాడు.

"పంపు మూలుగుతోందా?" ఎరుపు లిప్‌స్టిక్, ఖరీదైన సెంటు. ల్యాబ్‌లో తమ డిపార్ట్‌మెంట్ పెట్టిన గూఢచారిణి, పైకి బావతో పనిచేసే సైంటిస్టు డాక్టర్.

"మూలిగితే పర్లేదు మేడమ్, ఊరుకుంటేనే భయం." కోడ్ సరిపోయింది.

"ఈ నకిలీ బిళ్ళని తీసి చెత్తలో పడేయమన్నారు. త్వరగా తెరువు."

"మెషీన్ లోపలంతా శూన్యం, తెరవాలంటే గాలి నింపాలి మేడమ్. అరగంట పడుతుంది."

అబద్ధం. ఆవిడ అటు వెళ్ళగానే, ఆ అరగంటలో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. బావ పద్ధతి అతనికి తెలుసు: అయస్కాంత క్షేత్రం ఇటు పెట్టి ఎక్స్‌రేతో కొలిస్తే తెరమీద ఒక గీత, అటు తిప్పి కొలిస్తే ఇంకో గీత. రెండూ విడిపోతే అయస్కాంతం. అతుక్కుపోతే ఉత్త లోహం.

ఇక్కడ రెండూ అతుక్కునే ఉన్నాయి. కానీ రికార్డులో క్షేత్రం రెండుసార్లూ ఒకేవైపు ఉంది. అసలు తిప్పనేలేదు! ఒకే దిక్కున రెండుసార్లు కొలిస్తే తేడా ఎక్కడినుంచి వస్తుంది? ఇక టైమ్ చూశాడు. రెండో గీత నాలుగూ ఇరవైకి గీశారు. పోస్టుమార్టం ప్రకారం బావ గుండె ఆగింది నాలుగింటికి.

చచ్చినవాడు కొలిచాడా?

ఆ గది తాళాలు బావ దగ్గరా, ఈ డాక్టర్ దగ్గరా మాత్రమే ఉంటాయి. ఒకరు పోయారు.

ఏజెంట్ క్షేత్రాన్ని తిప్పి మళ్ళీ కొలిచాడు. తెరమీద కొత్త గీత పాతదాన్నుంచి విడిపోయింది. అసలు బిళ్ళ ఇక్కడే ఉంది. చెత్త పేరుతో అది ఇప్పుడు గేటు దాటబోతోంది.

"తెలివైనవాడివే." వెనకనుంచి పిస్టల్. "లోపలికి పద. బిళ్ళ తీసివ్వు. బయట కారు ఆగి ఉంది."

గదిలోకి అడుగుపెడుతూ అతను గోడమీది పచ్చ హెచ్చరిక బటన్ నొక్కాడు. వెంటనే స్పీకర్ పలికింది. ఎన్నేళ్ళ కిందటో రికార్డు చేసిన బావ గొంతు: "లోపల ఎవరున్నా బయటికి రండి. ఎక్స్‌రే రాబోతోంది."

ఆవిడ రోజూ వినే గొంతే. ఇవాళ మాత్రం తల స్పీకర్ వైపు తిప్పింది. అర సెకను. పిస్టల్ అతని చేతిలోకి వచ్చేసింది. ఆవిడ చెవులు మూసుకుని, "ఆపు, ముందు ఆయన్ని ఆపు!" అని నేలమీద కూలబడింది.

అక్కకి ఫోన్ చేశాడు. "బావ ఏమీ అమ్మలేదే. సాయంత్రానికి బావని ఇంటికి తీసుకొస్తున్నా." రెండు గీతల సంగతి చెబుతూ ఏడ్చేశాడు.



"ఏదైనా రెండుసార్లు చూసుకుంటేగానీ నమ్మేవాడు కాదురా," అంది అక్క. "చావొక్కటే ఒక్కసారితో సరిపెట్టేశాడు."