నాలుగో స్తంభం

ఆల్చిప్పలు పెంచే మా సముద్రపు బేలో నాలుగో స్తంభానికి మంచి పేరు లేదు.

పగలు చూస్తే ఉప్పు పట్టిన మామూలు కర్ర. రాత్రి నీళ్లు వెనక్కి తీశాక ఆల్చిప్పల బుట్టలు తిప్పడానికి దిగినవాళ్లు మాత్రం దాని పక్కన ఈల కూడా వెయ్యరు. పోయినేడు మాతో బుట్టలు తిప్పే డెస్ మునిగి పోయింది అక్కడే. అప్పట్నుంచి పడమటి గాలి లేస్తే చాలు, షెడ్డులో తెర మీద ఆ స్తంభం కెమెరా చూపే నాలుగో బొమ్మ మాయం. కొత్త కెమెరా పెట్టారు... అదీ మాయం.

ఐదు స్తంభాలు, ఐదు కెమెరాలు. నీళ్లు పెరిగి ఇరుక్కుంటే దగ్గరి స్తంభం పట్టుకో, దీపం ఊపు, కదలకు, బోటొస్తుంది. అదీ మా నియమం. బొమ్మలన్నీ తెర మీదికి తెచ్చే ప్రోగ్రాం రాసింది రోవెనా. ఈ కథ నాకు చెప్పిందీ ఆమే. రెండోసారి అడిగే ధైర్యం, నోరున్నదాన్నే అయినా, నాకు లేకపోయింది.

ఆ రాత్రి ఆమె తమ్ముడు లాక్లన్ ఒక్కడే దిగాడు. గాలి లేచింది. అలలు కొట్టి ఎప్పట్లాగే మూడో కెమెరా చచ్చింది. వెంటనే... నాలుగోదీ పోయింది.

"డెస్ కెమెరాకి అడ్డం నిలబడ్డాడు," అన్నాడు బోటు నడిపే మర్రే, టీ కలుపుకుంటూ.

"బతికుండగా బుట్ట మోయడానికే నిలబడని మనిషి. ఇప్పుడు నిలబడతాడా?" అంది రోవెనా.

ఇద్దరూ నవ్వారు.

ఒకటిలో నీళ్లు. రెండులో నీళ్లు. ఐదులో నీళ్లు. మనిషి లేడు.

"ఒడ్డెక్కి ఉంటాడులే," అన్నాడు మర్రే.

చాలాసేపు చూసి ఆమె ఫోన్ చేసింది. గోడకి వేలాడుతున్న లాక్లన్ కోటులోనే మోగింది.

మర్రే బోటుకేసి పరిగెత్తాడు. రేడియోలో అతని గొంతు — "మూడుకా, నాలుగుకా? మధ్యలో ఇసుక దిబ్బ తల్లీ. తప్పు వైపు వెళ్తే చుట్టి రావడానికి అరగంట."

ఆమె తను రాసిన ప్రోగ్రామే తెరిచి, వేలు పెట్టి వరసవరసా చదివింది...

చచ్చిన కెమెరాని జాబితాలోంచి తీసెయ్యమని రాసింది. మూడోది తీసేస్తే నాలుగోది జరిగి మూడో చోట కూర్చుంటుంది. ప్రోగ్రాం మూడో చోటు అయిపోయిందనుకుని ముందుకెళ్తుంది. నాలుగో చోట ఇప్పుడున్నది ఐదోది. నాలుగోదాన్ని ఎవరూ అడగరు — అది బతికే ఉన్నా.

జాబితా చివర్నుంచి వెనక్కి నడిచేలా మార్చింది. నాలుగో బొమ్మ తెరుచుకుంది.

నల్లటి నీళ్లు. ఊగుతున్న చిన్న దీపం.

"నాలుగు," అంది రేడియోలో.

గడ్డం దాకా నీళ్లొచ్చాక లాక్లన్ బోటుకి అందాడు. షెడ్డుకొచ్చి దుప్పటిలో వణుకుతూ, "గంట నుంచి ఊపుతున్నా అక్కా," అన్నాడు. "మొదట్లో నడుముకే నీళ్లు. నడిచి వచ్చేసేవాణ్ణి... నువ్వు చూస్తున్నావు కదా అని ఆగాను."

ఆమె లేచి సొరుగు లాగింది. అందులో, డెస్ పోయిన రాత్రి నాలుగో స్తంభానికున్న పాత కెమెరా. ఆ రాత్రీ మూడోది ముందు పోయింది. తెర ముందు కూర్చున్నదీ తనే. ఇదీ చచ్చిందనుకుని తీసి పడేశారు, ఎవరూ తెరిచి చూడలేదు. అది తను చూసినదంతా తనలోనే దాచుకుంది.

దాని మెమరీ కార్డు తీసి కంప్యూటర్‌లో పెట్టింది.

నడుము లోతు నీళ్లలో డెస్. ఆమె కళ్లలోకే చూస్తున్నట్టు, నవ్వుతూ... దీపం ఊపుతున్నాడు.