ఎవరి చెయ్యి కావాలి?

కళాశాల కాంటీన్‌లో దోసెలు పోస్తున్న మనిషి పెనం వైపు చూడటం లేదు. గోడమీద వస్తున్న క్రికెట్ చూస్తున్నాడు. మణికట్టుకు ఉన్న కరస్మృతి పట్టీ అతని చేతిని నడిపిస్తోంది.

"ఎవరి చెయ్యండీ ఇది?" అడిగింది లోహిత.

"తుని సూరమ్మగారిదండి. ఆవిడ పోయి చాలాకాలమైందండి. దోసె మటుకు వేడిగానే ఉంటదండి," అన్నాడతను చూపు తిప్పకుండానే.

లోహిత నవ్వింది. ఆమె తల్లి మృణాళిని నవ్వలేదు.

కాకినాడలో ఇప్పుడు చేతిపని ఎవరూ నేర్చుకోవడం లేదు. నేర్పున్నవారి చేతి కదలికలను వాళ్లు బతికుండగానే నమోదు చేసి హస్తనిధిలో ఉంచుతారు. కావలసినవారు ఆ చేతిని తమ పట్టీలోకి ఎక్కించుకుంటారు; ఒక చెయ్యి ఒకరికే. దర్జీలైనా, శస్త్రవైద్యులైనా అంతే. మృణాళిని భర్త సత్యదేవ్ ఇదే కళాశాలలో చిత్రలేఖనం చెప్పేవాడు. నిరుడు పోయాడు. ఆయన చెయ్యి నిధిలో ఉంది.

ప్రవేశాల గదిలో అఫ్రోజ్ మేడమ్ ఓపికగా వివరించింది.

"మూడేళ్ల బి.ఏ.లో చిత్రకళతో పాటు చరిత్ర, సాహిత్యం ఉంటాయండి. పట్టీ స్టూడియోలో కట్టుకుంటే చాలు. నాలుగేళ్ల బి.ఎఫ్.ఏ. అయితే మొత్తం స్టూడియోనే. పట్టీ రాత్రింబవళ్లు ఉండాలి. ఇంకోటి ఉత్తచేతి బి.ఎఫ్.ఏ. అందులో పట్టీ ఉండదు. ఈ ఏడు ఇంకా ఎవరూ చేరలేదు."

"రాత్రింబవళ్లు ఉంచుకున్నాక, తీసేస్తే?" అడిగింది మృణాళిని.

అఫ్రోజ్ చూపు దరఖాస్తు మీదికి దించింది. "సొంత చెయ్యి తిరిగి రాదండి. ఎవరూ అడగరు కూడా."

"దీన్ని ఉత్తచేతిలోనే చేర్చుకోండి."

"అమ్మా! నాన్న చెయ్యి ఇంకెవరో ఎక్కించేసుకుంటారే! ఏ పెళ్లికార్డులవాడో పట్టుకుపోతే నీకు బానే ఉంటదా?"

మృణాళిని ఒకటో తరగతి టీచరు. పట్టీ కట్టే వయసు రాని పిల్లల చేత, చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించడం ఆమె పని. దిద్దిస్తూ ఉండగా ఎప్పుడో పిల్ల చెయ్యి లోపలినుంచి ఎదురు తిరుగుతుంది. తన వంకరలో తను పోవాలని చూస్తుంది. అప్పుడు వదిలెయ్యాలి. పట్టీ ఆ ఎదురుతిరగడాన్ని తప్పుగా ఎంచి అణిచేస్తుందని విన్నప్పటినుంచి ఆమెకు భయం పట్టుకుంది.

"ఒక్కసారి కట్టుకుని చూస్తానమ్మా. తర్వాత నీ ఇష్టం," అంది లోహిత.

అఫ్రోజ్ సత్యదేవ్ చేతిని పట్టీలోకి ఎక్కించి, లోహిత మణికట్టుకు బిగించింది. బల్లమీద ఇత్తడి చెంబు, రెండు వంకాయలు పెట్టింది. లోహిత చెయ్యి బొగ్గుముక్క అందుకుంది. చెంబు అంచు ఒక్క గీతలో వచ్చింది. ఎక్కడా తడబాటు లేదు. అది సత్యదేవ్ గీత. మృణాళిని కుర్చీ అంచును గట్టిగా పట్టుకుంది.

బొమ్మ పూర్తయింది. చెయ్యి ఆగలేదు. బొగ్గు కింద పెట్టి, గాలిలో కాసేపు వెతికి, మృణాళిని వైపు వచ్చింది. ఆమె చెంపమీద పడిన వెంట్రుకలను చెవి వెనక్కి తోసింది. కణతమీద బొటనవేలు ఆనించి, తలనొప్పి వచ్చిన రోజుల్లో ఆయన నొక్కినట్టే, మెల్లగా నొక్కింది.

"అమ్మా, నేను కాదే," అంది లోహిత. "నేను చెయ్యట్లేదమ్మా."

"మేం గీతలే నమోదు చేశామండి. ఇదెలా వచ్చిందో..." అఫ్రోజ్ పట్టీకేసి చెయ్యి చాపింది.

"ఉండండి," అంది మృణాళిని. కళ్లు మూసుకుంది.

లోహిత భుజంతో చేతిని వెనక్కి లాక్కోబోయింది. పట్టీ ఆ గుంజుడును అణిచేసింది. బొటనవేలు కణతమీద అలాగే తిరుగుతూ ఉంది.

"తీసెయ్యండి మేడమ్! ప్లీజండి!"

అఫ్రోజ్ పట్టీ విప్పింది. చెయ్యి లోహిత ఒళ్లో పడింది. ఆ పిల్ల దాన్ని ఎడమచేత్తో అదిమి పట్టుకుంది.

"నాకొద్దమ్మా. నువ్వు చెప్పిందే చేరతా. ఉత్తచేతిది."

"అమ్మాయికి పద్దెనిమిది నిండలేదు కదా, మీ నోటితో చెప్పాలండి," అంది అఫ్రోజ్. "ఏ కోర్సు రాయమంటారు?"

మృణాళిని కళ్లు తెరిచింది. కూతురి ముఖం వైపు చూద్దామనుకుంది. చూపు చేతిమీదే ఆగింది.

"నాలుగేళ్లది," అంది. "పట్టీ ఉన్నది. వాళ్ల నాన్న చెయ్యి."

"అమ్మా!"

"ఇప్పుడే కట్టేస్తారా?" అని అఫ్రోజ్‌ను అడిగింది.

లోహిత లేచి నిలబడింది. కుడిచేతిని వీపు వెనక దాచుకుని, తల్లికి అందకుండా, ఒక్కో అడుగూ గోడ వైపు వెనక్కి వేసింది.