ఎనిమిది నెలల పాత విలువ

ఆ కోడ్ సవరణ, అదే ఆ ప్యాచ్, మూడోసారి కూడా వెనక్కి వచ్చింది. కెర్నెల్ టీమ్‌లో పరికరాల డ్రైవర్ ప్రోగ్రాములు రాసే ఇంజనీరుకి ఒళ్ళు మండి, రివ్యూ చేసిన అమ్మాయి సీటు దగ్గరికే వెళ్ళాడు. ఆమెని టీమంతా చాటుగా హెడ్‌మిస్ట్రెస్ అంటారు. అతను మాత్రం అనడు. ఆమె అంటే అతనికి ప్రాణం. ఆ సంగతి కడుపులోనే దాచుకున్నాడు, పాపం.

"మూడు రోజులు టెస్ట్ నడిపానండీ. ఒక్క తప్పూ రాలేదు!"

"ఇంకా రాలేదు, అంతే. ఈ లూప్ ఆగాలంటే ఫ్లాగ్ విలువ మారాలి. మార్చేది వేరే సీపీయూ. మీరేమో మామూలు వేరియబుల్‌లా చదివారు. కంపైలర్ మొదట్లో ఒకసారి చదివి, ఆ విలువే పట్టుకుని కూర్చోవచ్చు. అవతల మారినా మీకు తెలీదు. లూప్ తిరుగుతూనే ఉంటుంది."

"అంటే, తిరిగిన ప్రతిసారీ మెమరీలోంచి కొత్తగా చదవాలి."

"హమ్మయ్య! దానికి రెడీమేడ్ మాక్రో ఉందిగా, వాడండి."

అతను నాలుక్కరుచుకున్నాడు. ఇంతలో ఆమె ఫోన్ మోగింది.

"అబ్బా, చెప్తానమ్మా. ఆరింటిదాకా టైముందిగా!" అని పెట్టేసింది.

"పెళ్ళి పనులా?" అడిగాడతను.

"ఎవరి పెళ్ళి?"

"మీదేనండీ. కుదిరిందని నేను చేరిన రోజే విన్నా."

"అది వారానికే తప్పిపోయింది. ఎనిమిది నెలలైంది."

"నాకెవరూ చెప్పలేదే!"

"మీరెప్పుడైనా అడిగారా?"

ఎనిమిది నెలలు! రోజూ ఎదురుగానే కూర్చుని, ఒక్కసారి కూడా అడగలేదు.

"ఇప్పుడు ఇంకో సంబంధం వచ్చింది. ఆరింటికల్లా ఔనో కాదో చెప్పాలి" అంది ఆమె, అతని కళ్ళలోకి చూస్తూ. గడియారంలో ఆరుకి పది నిమిషాలు తక్కువ.

"కాదని చెప్పండి" అనేశాడు. "నేను... మీరంటే నాకు చాలా ఇష్టమండీ. చేరిన రోజు నుంచీ."

ఆమె ఫోన్ తీసి నంబరు నొక్కింది.

"అమ్మా, వాళ్ళకి వద్దని చెప్పెయ్. కారణమా? ఇదిగో, నువ్వే మాట్లాడు." ఫోన్ అతని చేతిలో పెట్టింది.

అతను తడబడుతూ ఉన్నదంతా చెప్పాడు.

"ఎనిమిది నెలలా? నోరు లేదా నాయనా నీకు?" అందావిడ. "సరే, ఆదివారం మీ అమ్మానాన్నల్ని తీసుకుని రా. ఈసారి మాత్రం ఆలస్యం చెయ్యకు."

అతను ఫోన్ తిరిగిచ్చాడు. మొహమంతా చెమట. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

"ముందు ఆ చెమట తుడుచుకో" అంది.

ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదటిసారి.