కిందికి దించాల్సిన మనిషి

చీకటి పడుతోంది.

బురులాయ్ స్కీల మీద చెట్ల మధ్య నుంచి జారిపోతోంది. తలకున్న లైటు ఆర్పేసింది. వెలిగిస్తే వెనకవాళ్ళకి దారి చూపించినట్టే.

వెనక ఇంజను చప్పుడు. మంచు మీద నడిచే బండి... ఒకటి కాదు. రెండు.

ఆమె నడుముకి రెండు గొట్టాలు. వాటి చివర మంచు మీద జారే స్లెడ్. స్లెడ్ మీద దుప్పట్లలో చుట్టి, పట్టీలతో బిగించిన మనిషి.

చెట్టు!

ఎడమకి తిరుగుతుంది. స్లెడ్ పక్కకి ఊగి మాను బెరడుని గీరుకుంటూ పోతుంది. మనిషి అరుస్తాడు. నోరు మూసుకోమంటుంది. మూసుకుంటాడు.

వాడి పేరు షైలో. మంచుచిరుతలకి ఉచ్చులు పెట్టే వేటగాడు. ముప్పై కూడా ఉండవు. ఎడమ తొడలో బుల్లెట్ దిగి ఉంది.

పోయిన నెల ఆమె తమ్ముడు ఎల్దియార్‌ని కాల్చి చంపింది వీడే.

ఆ మాట ఎవరో చెప్పింది కాదు. వాడే చెప్పాడు.

మధ్యాహ్నం పై మైదానంలో గొర్రెలకాపరుల గుడిసె దగ్గరికి వెళ్ళిందామె. చలికాలంలో అక్కడ ఎవరూ ఉండరు. అయినా వెళ్ళింది. తమ్ముడు పోయిన దగ్గర్నుంచి రోజూ ఏదో ఒక కొండెక్కుతోంది. ఇంట్లో కూర్చోలేక.

గుమ్మం ముందు మంచు మీద రక్తం. లోపల వీడు. పొయ్యిలో నిప్పు లేదు. ఆమెని చూడగానే గుర్తుపట్టాడు. నీళ్ళు అడిగాడు. ఆమె ఫ్లాస్కు తీస్తుంటే, నీ తమ్ముణ్ణి చంపింది నేనే అన్నాడు.

ఆమె కప్పులో టీ పోసింది. ఒక్క చుక్క కూడా కింద పడలేదు.

ఏదో ఒకటి అనిపించాలి కదా... ఏమీ అనిపించలేదు.

అంత్యక్రియల రోజూ అంతే. ఆడవాళ్ళంతా యుర్తా గుడారంలో గోడవైపు తిరిగి కూర్చుని, పోయినవాడి మీద పాట కట్టి ఏడ్చారు. సొంత అక్క బురులాయ్. ఆమె గొంతు లేస్తే గానీ మిగతావాళ్ళ గొంతులు నిలబడవు. ఆమె నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. పిన్ని మోచేత్తో పొడిచింది. ఊరంతా చెవులు కొరుక్కుంది. గుడారం బయట మగవాళ్ళలో మాత్రం ఆమె భర్త మెదెత్ గొంతే అందరికంటే పెద్దగా వినిపించింది.

షైలో ఒక బేరం పెట్టాడు. ఎల్దియార్ సంగతి తిన్నగా జరగలేదని వాడికీ, వాడి జట్టువాళ్ళకీ గొడవైంది. పోలీసుల దగ్గరికి పోతానన్నాడు వీడు. వాళ్ళు కాలి మీద కాల్చి ఈ గుడిసెలో పడేసి పోయారు. మిగతా పని చలే చూసుకుంటుందని.

"నన్ను కిందికి తీసుకెళ్ళు. చంపమన్నవాడి పేరు చెప్తా."

"ఇప్పుడే చెప్పు."

"ఇప్పుడే చెప్తే నన్ను ఇక్కడే వదిలేస్తావక్కా. రోడ్డు లైట్లు కనపడాలి. అప్పుడు."

వాడు ఆమెని అక్కా అన్నాడు. దానికీ ఆమెకి ఏమీ అనిపించలేదు. గుడిసెలో ఉన్న రెస్క్యూ స్లెడ్ కిందికి దింపింది.

శిఖరం మీద సిగ్నల్ దొరకగానే వాకీటాకీలో మెదెత్‌ని పిలిచింది. దెబ్బతిన్న మనిషి దొరికాడని, అడవిదారిన వస్తున్నానని, వంతెన దగ్గరికి ట్రక్కు తెమ్మని చెప్పింది. మెదెత్ ఏమీ అడగలేదు. వస్తున్నానన్నాడు.

ఆ తర్వాత కాసేపటికే ఇంజన్ల చప్పుడు మొదలైంది.

ఇప్పుడు ఆ చప్పుడు దగ్గరవుతోంది.

కింద, చెట్ల సందులోంచి ఒక వెలుగు! అడవిదారి మలుపులో బండి అడ్డంగా నిలబెట్టి ఉంది. పక్కన ఒక మనిషి. భుజాన తుపాకీ.

ఆమె స్కీలు అడ్డంగా తిప్పి ఆగుతుంది.

వెనక బండ్లు. ముందు ఒకడు.

ఇక మిగిలింది కుడివైపు. అటు వాగు. వాగు చివర జలపాతం. ఇప్పుడది నీళ్ళు కాదు... నిలువునా గడ్డకట్టిన మంచు. పన్నెండంతస్తుల ఇంటి ఎత్తు.

ఆమె వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుంటుంది. అడవిదారి మూసేశారని, జలపాతం మీదుగా దిగుతానని, ట్రక్కు వాగు కిందికి తెమ్మని మెదెత్‌కి చెబుతుంది.

షైలో అంతా వింటాడు. ఎవరితో మాట్లాడావని అడుగుతాడు.

"మా ఆయనతో."

వాడు తల పక్కకి తిప్పుకుంటాడు. తర్వాత, ఇంకెవరికీ చెప్పొద్దు అంటాడు. కళ్ళు మూసుకుంటాడు.

వాగు ఒడ్డు. గాలి.

ఆమె స్కీలు విప్పేస్తుంది. బూట్లకి ఇనుప ముళ్ళు బిగిస్తుంది. మంచులోకి మర తిప్పి దించే ఇనుప గొట్టాలు రెండు తీస్తుంది. చేతిజోళ్ళతో మర పడదు. అవి పళ్ళతో లాగి పడేస్తుంది.

మొదటిది దిగింది. రెండోది సగంలో ఆగిపోయింది. అరచేత్తో కొడుతుంది. వేళ్ళు తెల్లబడ్డాయి. నొప్పి లేదు.

నొప్పి లేకపోవడమే చెడ్డది. ఆ సంగతి ఆమెకి తెలుసు. కొండ రెస్క్యూ జట్టులో కొత్తవాళ్ళకి ఏటా నేర్పించేది ఆమే.

రెండోదీ దిగింది. తాడు కట్టింది. స్లెడ్‌ని అంచు దగ్గరికి జరిపింది. చీకట్లో వాడి మొహం తెల్లగా కనపడుతోంది. మీసాల మీద మంచు.

ఒక్కటే అడుగుతుంది.

"నా తమ్ముడు నీకేం చేశాడు?"

"ఏం చెయ్యలేదు. వాణ్ణి కాదసలు చంపమంది."

ఆమె చేతులు ఆగిపోతాయి.

"నారింజరంగు కోటు అన్నారు. ఆడమనిషి అన్నారు. మా ఉచ్చులు పీకేసి, ఫొటోలు తీసి రాజధాని బిష్కెక్‌కి పంపేది ఆవిడేనన్నారు. ఆ రోజు కొండ మీద మంచు ఎగురుతోంది... కోటొక్కటే కనపడింది."

గాలి ఆగిపోయినట్టుంటుంది.

ఆ రోజు పొద్దున ఎల్దియార్ కోటు జిప్పు ఊడిపోయింది. వాడు పిన్నీసులు వెతుకుతుంటే, ఆమే మేకుకున్న తన కోటు తీసి వాడి మొహం మీదికి విసిరింది. తొడుక్కోరా పెళ్ళికొడుకా అంది. వాడు నడుం తిప్పుతూ గుమ్మం దాకా నడిచి చూపించాడు. చిరుతల దారుల్లో పెట్టే కెమెరా పెట్టె మోసుకుని ఆమెకి బదులు వాడే వెళ్ళాడు. ఆమెకి ఆ రోజు జ్వరం.

"ఇప్పుడు దించు. లేదంటే వదిలెయ్. నీ ఇష్టం" అంటాడు షైలో.

తాడు ఆమె చేతుల్లో ఉంది. పిడికిలి విప్పితే చాలు. ఎవరూ అడగరు.

ఆమె తన లోపలికి చూసుకుంటుంది. కోపం కోసం వెతుకుతుంది. ఎక్కడైనా ఒక్క నిప్పురవ్వ...

లేదు.

తాడు కొంచెం కొంచెంగా వదులుతుంది. దించడం చేతులకి అలవాటైన పని. అవే దించుతున్నాయి. స్లెడ్ అంచు దాటింది. మంచు గోడకి తగులుతూ, గీరుకుంటూ, చీకట్లోకి పోయింది.

కాసేపటికి బరువు తేలికైంది. కింద తగిలాడు.

వెనక చెట్ల మీద వెలుగు పడింది!

ఆమె తాడు పట్టుకుని అంచు మీంచి వెనక్కి జరుగుతుంది. రెండు చేతులకీ రెండు మంచుగొడ్డళ్ళు, మణికట్టు పట్టీలకి వేలాడుతున్నాయి. తాడు మీద బరువు వేసి దిగుతుంది. పది అడుగులు. ఇరవై.

పైన ఇంజన్లు ఆగిపోయాయి.

మాటలు. బూట్ల చప్పుడు. ఒక టార్చి వెలుగు ఆమె తల పక్కనుంచి పోయి, వెనక్కొచ్చి, ఆమె మీద ఆగింది.

వాళ్ళ దగ్గర తుపాకులున్నాయి. కాల్చలేదు.

ఎందుకు కాల్చలేదు?

తాడు వణికింది. సన్నగా. మళ్ళీ సన్నగా. ఏదో కోస్తున్నట్టు...

ఆమె కుడి గొడ్డలి విసిరి మంచులో దించుతుంది. ఎడమది. కాళ్ళు రెండూ గోడకి తన్నుతుంది.

తాడు తెగింది!

ఆమె మొహం పక్కనుంచి పాములా జారి కిందికి పోతుంది. నడుముకున్న కొన లాగుతుంది... లాగి, ఆగింది. ముళ్ళు నిలబడ్డాయి. గొడ్డళ్ళు నిలబడ్డాయి.

పైన టార్చి అటూ ఇటూ వెతుకుతోంది. గోడ ముందుకి ఉబ్బిన చోటు కింద ఆమె దాక్కుని ఉంది. బుగ్గ మంచుకి ఆనించి కదలకుండా ఉంది. లోపల ఎక్కడో ఇంకా నీళ్ళు పారుతున్నాయి. సన్నటి గలగల.

టార్చి ఆరిపోయింది.

ఇక తాడు లేదు. ఒక కాలు కింద తన్ని, ఒక గొడ్డలి పీకి, కింద కొట్టి... ఇంకో కాలు. ఇంకో గొడ్డలి. వేళ్ళు గొడ్డలి పట్టుకున్నాయో లేదో కళ్ళతో చూసుకుంటే గానీ తెలియడం లేదు. ఒకసారి మంచు ముక్క విరిగి గడ్డానికి తగిలింది. ఉప్పగా అనిపించింది. రక్తమేనేమో.

చివరికి కాలి కింద మెత్తటి మంచు.

వాగు మలుపులోంచి ఒక లైటు వస్తోంది. ఆమె గొడ్డలి ఎత్తుతుంది.

మెదెత్.

ఆమెని చూసి అతను ఒక్క క్షణం కదలకుండా నిలబడిపోయాడు. తర్వాత పరిగెత్తుకొచ్చాడు. రెండు చేతులతో ఆమె మొహం పట్టుకున్నాడు. బతికే ఉన్నావు, బతికే ఉన్నావు అన్నాడు. కళ్ళలో నీళ్ళు. ఆమె చేతులు చూసి అబ్బా అన్నాడు. తన కోటు విప్పి ఆమె వేళ్ళు చంకల్లో పెట్టుకున్నాడు. పొగాకు వాసన. గొర్రెచర్మం వాసన.

ఆమెకి పన్నెండేళ్ళుగా తెలిసిన వాసన. ఈ నెల రోజుల్లో మొదటిసారి ఆమె ఒళ్ళు కొంచెం వదులైంది.

తాడు కోశారని చెప్పింది. వీడికి చంపమన్నవాడి పేరు తెలుసని చెప్పింది. మెదెత్ స్లెడ్ వైపు చూశాడు. షైలో అతని వైపు చూశాడు. ఇద్దరూ పలకరించుకోలేదు.

ట్రక్కు మలుపు అవతల ఉంది. ముందుకి రావడానికి దారి లేదు. మెదెత్ ఆమెని వెళ్ళి ఇంజను వేడెక్కించమన్నాడు.

"ఈ చేతులతో నువ్వు లాగలేవు. వీణ్ణి నేను తెస్తా. పో."

ఆమె నడిచింది.

ట్రక్కు తలుపు మోచేత్తో తెరిచింది. తాళంచెవి బండికే ఉంది. వేళ్ళు పట్టడం లేదు. రెండు అరచేతుల మధ్య పెట్టి తిప్పబోయింది. జారింది. మళ్ళీ తిప్పింది.

ధన్!

ఒక్కటే దెబ్బ. లోయ అంతా తిరిగి, రెండు మూడుసార్లు మోగి ఆగిపోయింది.

వాళ్ళు కిందికొచ్చేశారు... మెదెత్!

ఆమె గొడ్డలి పట్టుకుని పరిగెత్తుతుంది. పడుతుంది. లేస్తుంది. మలుపు తిరుగుతుంది.

అక్కడ ఇంకెవరూ లేరు.

మెదెత్ తలలైటు మంచులో పడి వెలుగుతోంది. అతను స్లెడ్ మీద అడ్డంగా బోర్లా పడి ఉన్నాడు. కింద షైలో దగ్గుతున్నాడు. ఊపిరి కోసం నోరు తెరిచి, అందక, మళ్ళీ దగ్గుతున్నాడు. పట్టీలోంచి బయటికి లాగిన వాడి చేతిలో చిన్న పిస్తోలు.

ఆమె గొడ్డలి తల మీదికి ఎత్తింది. వాడు పిస్తోలు ఆమె వైపు తిప్పలేదు. పక్కన మంచులో పడేశాడు.

"పేరు అడిగావు కదక్కా."

గొడ్డలి గాల్లోనే ఉంది.

షైలో మొహం నల్లగా కమిలిపోయింది. వాడి నోట్లో కుక్కిన దుప్పటి కొంగు ఊడొచ్చి గడ్డం మీద పడి ఉంది. ఆ కొంగు రెండో చివర మెదెత్ పిడికిట్లో ఉంది. ఇంకా గట్టిగా. అతని బెల్టుకి ఒక తోలు తొడుగు. ఖాళీది. అతని దగ్గర పిస్తోలుందని ఆమెకి ఇన్నాళ్ళూ తెలియదు.

"చిరుత తోళ్ళు మా దగ్గర కొనేది ఈయనే. ముందే చెప్తే నమ్మేదానివా" అన్నాడు షైలో. గొంతు సగమే వస్తోంది.



మెదెత్ ఛాతీ కింద గరగరమంది. అతని వాకీటాకీ. ఎవరో కుర్ర గొంతు. చలికి పళ్ళు కొట్టుకుంటూ, ఆయాసపడుతూ.

"మెదెత్ అన్నా. చప్పుడు వినపడింది. తాడైతే కోశాం గానీ వదిన పడిందో లేదో చీకట్లో కనపడలేదు."

గరగర.

"అన్నా... ఇద్దరి పనీ అయిపోయిందా?"

ఆమె గొడ్డలి దించింది. మోకాళ్ళ మీద కూర్చుంది. మెదెత్‌ని పక్కకి దొర్లించింది. బరువుగా ఉన్నాడు. రెండు మణికట్లతో వాకీటాకీ పైకి తీసింది. బొటనవేలు బటన్ మీద పెట్టింది. నొక్కుతోందో లేదో తెలియలేదు. ఎర్ర దీపం వెలిగేదాకా చూసింది.

"లేదు" అంది. "ఒక్కడిదే."